జల్లెడ కింది పురుగు

బస్సులన్నీ డిపోల్లో ఉండిపోయిన ఆ సమ్మె రోజుల్లో, లేవగానే నాకు ఒకటే ఆలోచన. ఇంటాయన ఇవాళ ఆ మాట అంటాడా, అనడా? ఇల్లు ఖాళీ చేయమనే మాట.

మేం అప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాకు లోపలగా, మన్సూరాబాద్ వైపు ఒక కాలనీలో ఉండేవాళ్ళం. ఒకే కప్పు కింద రెండు పోర్షన్లు. ఒకదాంట్లో ఇంటివాళ్ళు, రెండోదాంట్లో నేనూ మా ఆవిడా. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంటాయన నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఆర్టీసీ డ్రైవరు. మేం కృష్ణా జిల్లా వాళ్ళం. ఆ ఇంట్లో దిగి చాలా ఏళ్ళయింది. వాళ్ళ పెరట్లో కరివేపాకు, మా వంటింట్లో ఇంగువ డబ్బా ఎవరివని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక మాత్రం రెండిళ్ళలోనూ టీవీ గొంతు తగ్గింది. మా వార్తలు వాళ్ళకు వినపడకుండా మేమూ, వాళ్ళ వార్తలు మాకు వినపడకుండా వాళ్ళూ చూసుకునేవాళ్ళం. మధ్యలో ఉన్నది నాలుగున్నర అంగుళాల గోడ. ఆ మందం గోడకు మాట ఆగదని నాకు బాగా తెలుసు. గోడలు లెక్కకట్టడమే నా పని.

చిన్న బిల్డర్లకు ఇటుక ఎంత పడుతుంది, కంకర ఎంత, ఇనుము ఎంత అని అంచనా వేసి ఇస్తాను. ఇంజనీరింగ్ చదవలేదు. ఒక మేస్త్రి దగ్గర టేపు కొస పట్టుకుని మొదలుపెట్టి, కట్టిన ఇళ్ళను మళ్ళీ మళ్ళీ కొలిచి, నా అంచనాకూ అయిన సరుకుకూ తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక మేడమీది గదిలో కూర్చుని ఆ పని చేసేవాణ్ణి. అన్నిటికీ ఒక అంచనా ఉంటుందనే నమ్మకంతో బతికిన మనిషిని. ఆ ఒక్క మాట ఎప్పుడొస్తుందో మాత్రం అంచనాకు అందలేదు.

అసలు ఈ భయం పట్టుకున్నది కిరాణా కొట్టు దగ్గర. చక్కెర తూస్తూ కొట్టాయన అన్నాడు:

"ఏం సారు, మీ ఇంటాయన బామ్మర్ది దిగుతుండంట గద?"

"ఎక్కడ దిగుతున్నాడండీ?"

"గది మీకే తెల్వాలె. ఉన్నయి రెండు పోర్షన్లాయె."

హైదరాబాదులో కిరాయికి ఉన్నవాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. ఇక్కడ ఏ ఇంటి ఓనరూ మిమ్మల్ని వెళ్ళిపొమ్మనడు. బామ్మర్ది వస్తున్నాడంటాడు. బామ్మర్ది లేనివాడు తమ్ముడంటాడు. ఇల్లు ఖాళీ అయ్యాక ఏ బామ్మర్దీ రాడు, కొత్త కిరాయిదారు వస్తాడు. అది అందరికీ తెలిసిన మర్యాద. అంతకు ముందైతే నవ్వుకునేవాణ్ణేమో. ఆ రోజుల్లో ఆ మర్యాద వెనకాల ఇంకో కారణం కనపడింది నాకు. మేం ఫలానా జిల్లా వాళ్ళమని.

మా ఆవిడకు చెబితే పప్పు తాలింపు వేస్తూనే అంది:

"ఒక్క మాట అడిగేయండి. ఔనంటే ఔను, కాదంటే కాదు."

"అడిగితే గుర్తు చేసినట్టవుతుంది."

"ఓహో, గుర్తులేకే ఊరుకున్నారా వాళ్ళు? ఎన్ని లెక్కలండీ మీకు! ఒక్క మాట అడగడానికి ఇన్ని లెక్కలా?"

అడగలేదు. నడవడం మొదలుపెట్టాను. బస్సులు లేవు, ఆటోలు నోటికొచ్చింది అడుగుతున్నాయి, అది సాకు. చౌరస్తా నుంచి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా రోజూ నడక. పెద్దరోడ్డు వదిలేసి సందుల్లో పడి టు-లెట్ బోర్డులు చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఒక బోర్డు కనపడితే ఆగడం, చూడడం, గబగబా ఇంకో సందులోకి నడవడం. పళ్ళ మార్కెట్ దగ్గర బత్తాయిల వాసన ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా తెలిసేది కాదు.

గేటు తీసినవాళ్ళు గదులు చూపించేముందే అడిగేవాళ్ళు, "మీదే ఊరు?" చెప్పేవాణ్ణి. "రెండు రోజులాగి చెప్తం" అనేవాళ్ళు. మావైపు వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను. చైతన్యపురిలో ఒక పెద్దాయన మా పక్క మండలం వాడే. మంచినీళ్ళిచ్చి, "మేమే ఉంటామో పోతామో తెలీదు, మీకేం చెప్పమంటారండీ?" అన్నాడు. అక్కడా తేలలేదు.

ఇలా కాలు నిలవని రోజుల్లోనే ఒక పొద్దున, మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఇంటాయన గొంతుక్కూర్చుని కనిపించాడు. ఆ ప్లాటు కూడా ఆయనదే. ఎప్పటికైనా ఇల్లు వేద్దామని కొని వదిలేసినది. ఎర్రమట్టి, మొరం రాళ్ళు, ఒక మూల సర్కారు తుమ్మ మొక్కలు. స్టీరింగ్ పట్టుకోని చేతులకు ఏం చేయాలో తోచడం లేదని ఆయన ముఖమే చెప్పేది. అప్పటికే సైకిలు రెండుసార్లు విప్పి బిగించాడు. ఇప్పుడు ఒక గడ్డిపోచను నేలలో దూర్చి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఏదో జరగబోతోంది, ప్లాటు కొలుస్తున్నాడేమో, దాంతోపాటు మా ఇల్లు కూడా పడగొడతాడేమో అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను.

"సప్పుడు జెయ్యకు సారు! పట్టింది."

గడ్డిపోచ కొస దానంతట అదే కదులుతోంది. ఒక్క గుంజు గుంజాడు. పోచ చివర తెల్లటి పురుగొకటి వేలాడుతూ బయటికొచ్చింది. మెత్తటి ఒళ్ళు, దాని మీద పొసగని గట్టి మట్టిరంగు తల, కొడవళ్ళలాంటి రెండు దవడలు. వీపు మీద గూనిలా ఒక బొడిపె, దానికి చిన్న కొక్కేలు.

"బొర్ర పురుగంటం మేము. బొర్రల ఉంటది గద, గందుకు. చిన్నప్పుడు గొడ్లు గాసుకుంట గిదే ఆట. ఎవడు పెద్దది గుంజితె వాడు మొనగాడు." అరచేతిలో దాన్ని పొర్లించి చూసి నవ్వాడు. "గిన్నేండ్లకు దొరికింది, మా ఇంటి పక్కకే!"

మళ్ళీ కన్నంలో వదిలేశాడు. లోపలికి జారిపోయింది. కదలకుండా కూర్చుంటే ఏం జరుగుతుందో అప్పుడు చూశాను. కాసేపటికి ఆ కన్నం మూసుకుపోయింది. మట్టితో కాదు, తలతో. పురుగు పైకొచ్చి తన బల్లపరుపు తలను కన్నానికి మూతలా పెట్టుకుంది. మట్టి రంగూ తల రంగూ ఒకటే. ఒక చీమ పక్కగా వెళ్ళింది. మూత ఎగిరింది. పురుగు సగం ఒళ్ళు వెనక్కి విరుచుకుని బయటికొచ్చి చీమను అందుకుని, అది గింజుకుంటుండగానే లోపలికి లాక్కుపోయింది. వీపు మీది కొక్కేలు ఎందుకో తెలిసింది. చీమ ఎంత గింజుకున్నా పురుగు బయటికి రాకుండా అవి గోడకు పట్టుకుంటాయి. రెప్పపాటు పని. మా నీడ కాస్త కదిలితే చాలు, చుట్టుపక్కల మూతలన్నీ ఒక్కసారి కిందికి పడిపోయేవి. నేలంతా కళ్ళు మూసుకుని కన్నాలు తెరిచినట్టు.

ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను.

మర్నాటి నుంచి అదొక అలవాటయింది. టీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం ప్లాటులో గొంతుక్కూర్చునేవాళ్ళం. ఆయన పురుగుల సంగతి మాట్లాడేవాడు, నేనూ పురుగుల సంగతే మాట్లాడేవాణ్ణి. ఇంటి సంగతి ఇద్దరికీ మధ్యలో, మూతకింద ఉండేది. ఒక్కోసారి ఆయన గొంతు సవరించుకుని నా వైపు తిరిగేవాడు. ఇదిగో అనేస్తున్నాడు అనుకునేవాణ్ణి. "జర జరుగు సారు, నీడ పడుతుంది" అనేవాడు.

అక్కడే నాకు తెలిసిన పురుగు కూడా ఉంది. మావైపు కాలవగట్ల మీద ఇసకలో పరుగులు తీసేది. మేం ఇసక పురుగు అనేవాళ్ళం. దాన్ని పుస్తకాల్లో పులి పురుగు అంటారని చాలా తరువాత తెలిసింది. సన్నటి పొడుగు కాళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు, వీపు మీద లేత పసుపు చుక్కలు. ఎండలో పక్కకు తిరిగితే పచ్చగా, నీలంగా మెరుస్తుంది. మనం ఒక అడుగు వేస్తే లేచి నాలుగు బారల దూరం ఎగిరి, మళ్ళీ మన వైపే తిరిగి దిగుతుంది. ఇంకో అడుగు వేస్తే ఇంకో నాలుగు బారలు. దారి చూపిస్తున్నట్టుంటుంది కానీ దగ్గరికి రానివ్వదు. మిట్టమధ్యాహ్నం నేల కాలుతుంటే కాళ్ళు నిటారుగా చాపి, పొట్టను నేలకు అందనంత ఎత్తుగా పెట్టుకుని నిలబడేది.

ఎంత వేగమో తేల్చుదామని టేపు తెచ్చాను. కుదరలేదు. అది పరిగెడుతుంది, టక్కున ఆగుతుంది, మళ్ళీ పరిగెడుతుంది. మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే ఒక సగటు వస్తుంది. కానీ ఆ సగటు వేగంతో అది ఏ క్షణమూ పరిగెత్తలేదు, ఏ క్షణమూ ఆగలేదు. ఎదురుగా ఈగ కూర్చుని ఉన్నా మధ్యలో ఆగడమేంటో అర్థం కాలేదు.

ఇంటాయనకు అర్థమైంది. "స్పీడుల ఉంటె కనవడది సారు. హైవే మీద నేను చూస్త గద. ఎక్కువ కొడితె పక్కన ఏమున్నదో తెల్వది. బ్రేక్ కొట్టి చూసుడే."

"డ్రైవరు ముందుకైనా చూస్తాడు కదండీ?"

"గందుకే మీసాలు చూడు. ఉరికేటప్పుడు ముందుకు చాపి కదలకుంట పెడ్తది. కర్ర పట్టుకున్న గుడ్డాయన లెక్క."

ఆయన ఊహగా అన్నది చాలావరకు నిజమేనని తరువాత ఎక్కడో చదివాను. పరుగులో ఉన్నప్పుడు దాని కళ్ళకు చాలినంత వెలుగు అందదట. అందుకే ఆగి, వేట ఎక్కడుందో మళ్ళీ చూసుకుని, మళ్ళీ ఉరుకుతుందట.

పేచీ అంతా ఒక్క విషయం మీద. కన్నంలో ఉన్నదీ పైన పరిగెత్తేదీ ఒకటే జీవి అని నేను. దవడలు ఒకేలా ఉన్నాయి, కన్నాలు ఎక్కువున్న బోడినేల మీదే ఇవీ ఎక్కువున్నాయి, గడ్డి మొలిచినచోట రెండూ లేవు అని నా లెక్క. ఆయన ఒప్పుకోలేదు.

"ఎక్కడి ముచ్చట సారు! గది రెక్కలది, గిది మట్టిది. నీది కాలవ దిక్కు పురుగు, నాది మా మెట్ట పురుగు. మా ఊర్ల ఎన్ని గుంజిన్నో, ఒక్కదానికన్న రెక్కలున్నయా?"

"మీరు గుంజేస్తే వాటికి రెక్కలెప్పుడొస్తాయండీ?"

పెద్దగా నవ్వాడు. గోడ అవతలి నుంచి వాళ్ళావిడ కేకేసింది. "ఏమయ్య, ఇద్దరు మొగోళ్ళు పొద్దుగాల్నే మట్టిల ఆడుకుంటున్రా? ఇంత గంజి పోస్త, మీ పురుగులు మీ ఆటలు అన్ని ఒడుస్తయి!"

వేడి గంజి ఆవిడ ఆయుధం. చీమల పుట్టలన్నిటికీ అదే మందు. ఇంటాయన ఆ మాటకు నిజంగానే భయపడ్డాడు.

ఆ రోజుల్లోనే మా కాలనీలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. అప్పట్లో అన్నిచోట్లా జరిగిన నిరసన అది. కాలనీ పెద్దలు ఇద్దరు ముందురోజు వచ్చి, కట్టెలూ గుండిగలూ పెట్టుకోడానికి, వీలైతే వండడానికి కూడా ప్లాటు ఇమ్మన్నారు. రోడ్డు మీద పోలీసులు ఏమంటారోనని వాళ్ళ అనుమానం. ఇంటాయన నా వైపు ఒక చూపు చూసి వాళ్ళతో అన్నాడు:

"వంటావార్పు అంటె రోడ్డు మీద వండాలె. ప్లాట్ల వండితె దావత్ అయితది. ఎవలన్న పెండ్లి అనుకుంటరు."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. నేల తొక్కుడుపడకుండా బతికింది.

మర్నాడు నన్నూ రమ్మన్నాడు. మా ఆవిడ నాకంటే ముందే కత్తిపీట పట్టుకుని వెళ్ళి వాళ్ళావిడ పక్కన కూర్చుంది. బియ్యం ఎంత పడుతుందని ఎవరో అడిగితే ఇంటాయన నన్ను ముందుకు తోశాడు. మనుషులను చూసి ఒక లెక్క చెప్పాను. "సారు, సిమెంటు లెక్క గాదు, మా కడుపుల లెక్క చెప్పు" అని ఇంకో కుంచెడు పోయించాడు. అన్నం మిగల్లేదు. ఒప్పుకున్నాను.

పప్పు నోట్లో పెట్టుకున్న ఒకాయనకు పొలమారింది. "గీ కారం ఎవలేసిన్రే? మా రాష్ట్రం మాకు రాకముందే పాణం పోయేటట్టున్నది!"

మా ఆవిడ తల వంచుకుంది. వాళ్ళావిడ గరిటె ఎత్తింది. "మా వదినె ఏసింది. తినేటోడు తిను, లేకుంటె లే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఇంత చేసేవాళ్ళు ఎందుకు పొమ్మంటారు అని ఒక లెక్క, పొమ్మనేముందే ఇంత చేస్తారేమో అని ఇంకో లెక్క. పళ్ళెంలో ఏం తిన్నానో గుర్తులేదు.

వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున, మేం ఎక్కువగా కనిపెట్టుకుని ఉండే పెద్ద కన్నం మూసుకుపోయి ఉంది. తలతో కాదు, మట్టితో. సాయంత్రానికీ తెరుచుకోలేదు. మర్నాటికీ లేదు.

ఇంటాయన నేరుగా ఇంట్లోకి వెళ్ళాడు. "గంజి వోసినవా?"

"నాకేం వేరే పని లేదా? నేను పొయ్యలే. అన్న, జర మీరన్న చెప్పుండ్రి, పురుగు సచ్చిందని పెండ్లాంతోని కయ్యం వెట్టుకునే మొగోడు ఉంటడా?"

చచ్చిపోయిందని ఆయన. నాకు అలా అనిపించలేదు. చచ్చినది తలుపు మూసుకోదు. గంజి పోస్తే మట్టి మెత్తబడి గుంట పడుతుంది. ఇది లోపలి నుంచి ఒత్తిపెట్టినట్టు గట్టిగా ఉంది. నేను ఇంట్లోకి వెళ్ళి పిండి జల్లెడ తెచ్చి, ఆ కన్నం మీద బోర్లించి, గాలికి కదలకుండా పైన అర ఇటుక పెట్టాను. ఏం బయటికొచ్చినా అందులోనే ఉంటుంది. రాకపోతే ఆయన గెలిచినట్టు.

"గది గిది ఒక్కటేనని తేలితె, నా బస్సు ఒకరోజు నువ్వు నడుపు సారు," అన్నాడు.

"ముందు మీ బస్సు బయటికి రానివ్వండి," అన్నాను.

ఆ మాటకు ఆయన నవ్వలేదు. రోడ్డు వైపు చూశాడు. సమ్మెకు ఎదురు మాట అన్నానని నొచ్చుకున్నాడేమో అనుకుని ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

మా ఆవిడ జల్లెడ కోసం ఇల్లంతా వెతికి చివరికి కిటికీలోంచి చూసింది. "రేపు చపాతీలకు పిండి ఎలా జల్లించాలి? మీ పురుగునడిగి తెచ్చుకోనా?"

తరువాతి వారాలు ఇంకా కుదురు లేకుండా గడిచాయి. వనస్థలిపురంలో ఒక ఇల్లు దాదాపు కుదిరింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోయినా కిరాణా కొట్టుకు తెలిసింది. కిరాణా కొట్టుకు తెలిస్తే ఇంటాయనకు తెలిసినట్టే. ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం నేను నడిచి వస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక లారీ ఆగింది. క్యాబిన్‌లోంచి ఇంటాయన దిగి, వెనకాలే ఒక బక్కపల్చటి మనిషిని రెండు చంకల కింద చేతులు వేసి దింపాడు. ఆ మనిషి పాదాలు వాచి ఉన్నాయి, చెప్పుల్లో పట్టడం లేదు. ఇంటాయన నన్ను చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు.

బామ్మర్ది నిజంగానే ఉన్నాడని అప్పుడు అనుకున్నాను. ఇల్లు చూపించడానికి తీసుకొస్తున్నాడనుకున్నాను. వాచిన పాదాలను చూశాను గానీ వాటి గురించి ఏమీ ఆలోచించలేదు. నా పరుగులో నేనున్నాను. మర్నాడు పొద్దున ఆయన జల్లెడ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

సమ్మె ఇంకా నడుస్తుండగానే జల్లెడ కింద కదలిక వచ్చింది.

ముందు చూసింది ఆయనే. "సారూ! సారూ!" అని గోడ మీద గుద్దాడు. నేను బనీనుతోనే పరిగెత్తాను. మూసిన మట్టి పగిలి ఉంది. కన్నం అంచున ఒక పురుగు, ఒళ్ళంతా మట్టి. అది వెంటనే పరిగెత్తలేదు. ముందుకాళ్ళతో మీసాలు తుడుచుకుంది. ఎండ జల్లెడలోంచి చిన్న చిన్న గళ్ళుగా పడుతోంది. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిగినప్పుడు వీపు మీద పసుపు చుక్కలు కనిపించాయి. ఇంకొంచెం జరిగితే పక్కన పచ్చటి మెరుపు. ఉన్నట్టుండి ఉరికి తీగకు కొట్టుకుంది, ఆగింది, మళ్ళీ ఉరికింది.

ఇద్దరం జల్లెడ మీదికి వంగాం.

"రెక్కలొచ్చినయి," అన్నాడాయన మెల్లగా. "గన్ని గుంజిన గదనే... గన్నిటికి రెక్కలొచ్చేటియి."

వాళ్ళావిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గోడ దగ్గర నిలబడింది. మా ఆవిడ కూడా వచ్చింది. వాళ్ళావిడ జల్లెడలోకి ఒకసారి చూసి, మొగుడి వైపు తిరిగింది.

"పురుగు ముచ్చట అయిపోయిందా? ఇంకనన్న మనుషుల ముచ్చట జెప్తవా?"

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేలను చూస్తూ అన్నాడు, "సారు, మా బామ్మర్ది ఒస్తుండు."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ వేచి ఉన్నాను. తీరా విన్నాక, అందరు ఓనర్లూ అనే మాటే అచ్చం అలాగే వినపడింది. నా ముఖంలో అది ఆయనకు కనిపించినట్టుంది.

"అగో, గందుకే చెప్పలే! గీ మాట అందరు చెప్తరు. నేను జెప్తె నువ్వు గట్లనే అనుకుంటవని తెలుసు. అదీ గీ రోజులల్ల. నిజంగనే బామ్మర్ది ఒచ్చేటోడు ఏం జెప్పాలె సారు? నాకు వేరే మాట దొరకలె."

వాళ్ళావిడ అందుకుంది. "నా తమ్మునికి రెండు కిడ్నీలు పోయినయి, వదినె. వారానికి రెండుసార్లు దవాఖానల రక్తం కడుగుతరు. బస్సుల ఒచ్చేటోడు. గిప్పుడు బస్సులు లేవాయె. ఈయన బస్సు బంద్ వెట్టి, ఈయన బామ్మర్దే లారీల మీద ఒస్తుండు. మొన్న తొవ్వలనే కండ్లు తిరిగి పడ్డడు."

ఇంటాయన జల్లెడ మీది అర ఇటుకను అటూ ఇటూ జరుపుతున్నాడు.

"మా రెండర్రలల్ల వాన్ని, వాని పెండ్లాన్ని ఏడ పండవెట్టాలె? మిమ్ములను పొమ్మని ఎట్ల అనాలె? మీరు ఇల్లు జూస్తున్నరని కొట్టాయన జెప్పిండు. మేమేం అనకముందే పోతున్నరు, మేమేం తప్పు జేసినమని ఒక దిక్కు రంది. పోతె మంచిగుంటదని ఇంకో దిక్కు. రెండు నా కడుపులనే."

మా ఆవిడ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. తరువాత వాళ్ళావిడ చేయి పట్టుకుంది.

"ముందు గది మేం ఇవాళే ఖాళీ చేస్తాం వదినగారూ. సామాను వెనకగదిలో సర్దేస్తాను. మీ తమ్ముణ్ణి ఈ రాత్రికే తెచ్చేయండి. ఇల్లు దొరకగానే మిగతాదీ ఇచ్చేస్తాం." నా వైపు తిరిగి, "ఏవండీ, అలా కూర్చున్నారేంటి? ఆ మంచం కోళ్ళు విప్పండి," అంది.

నేను జల్లెడ ఎత్తాను. పురుగు అక్కడే ఆగి ఉంది. తరువాత బారెడు దూరం ఉరికింది, ఆగింది. ఇంకో బారెడు. అక్కడి నుంచి లేచి తుమ్మ మొక్కల అవతలకు ఎగిరిపోయింది.

ఆ వారమే మాకు రెండు సందుల అవతల ఇల్లు దొరికింది. ఆ ఓనరూ గేటు దగ్గరే అడిగాడు, "మీదే ఊరు?" అని. నేను నోరు తెరిచేలోపు పక్కనున్న ఇంటాయన అన్నాడు, "మా ఇంట్ల ఉన్నోళ్ళే. సామాను నేనే మోసుకొస్త. ఇంకేమన్న అడిగేదుంటె నన్నడుగు." వనస్థలిపురం ఇంటివాళ్ళకు రావడం లేదని చెప్పి వచ్చాను. ఇంత దగ్గర అని తెలిసి మా ఆవిడ కరివేపాకు గురించి నిశ్చింతగా ఉంది.

తరువాతి వానాకాలం ఒక ఆదివారం ఆ ప్లాటు దగ్గరికి వెళ్ళాను. ఇల్లు వేసే ఆలోచన ఇంకా ఆలోచనగానే ఉంది. గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బామ్మర్ది కూర్చున్నాడు. ఎడమ చేతికి గుడ్డ పట్టీ. మనిషి ఇంకా బక్కగానే ఉన్నాడు. గొంతు మాత్రం గట్టిది. కుర్చీలోంచి లేవకుండానే పొడుగు గడ్డిపోచతో ఒక కన్నాన్ని కెలుకుతున్నాడు. ఇంటాయన పక్కన గొంతుక్కూర్చుని బతిమాలుతున్నాడు.

"గుంజకుర అయ్య, దానికి రెక్కలొస్తయి."

"ఏంది బావా, పురుగుకు రెక్కలా? మీ సారు నిన్ను ఉత్తగ ఆగం జేసిండు. చిన్నప్పటి సంది చూస్తలేనా? గది వేరు, గిది వేరు."

"నేను నా కండ్లతోని చూసిన."

"నేను చూడలె గద. చూసిననాడు నమ్ముత."

ఇంటాయన నన్ను చూసి తల పట్టుకున్నాడు. అప్పటికే నా నీడ పడి, చుట్టూ మూతలన్నీ కిందికి దిగిపోయాయి. కదలకుండా నిలబడ్డాను. ఒకటొకటిగా మళ్ళీ పైకొచ్చాయి. గోడవార ఒకచోట మాత్రం మట్టితో మూసిన కన్నం ఉంది. లోపలి నుంచి ఒత్తిపెట్టినట్టు గట్టిగా.

వేలితో చూపించాను. ఇంటాయన ఒక్క క్షణం చూసి, ఇంటి వైపు తిరిగి కేకేశాడు.

"ఏమే! పిండి జల్లెడ ఇటు దే!"

"నాదెందుకు?" లోపలి నుంచి వాళ్ళావిడ.

"నీ తమ్మునికే!"

బామ్మర్ది నవ్వి, గడ్డిపోచ పక్కన పడేసి, కుర్చీని ఆ మూసిన కన్నం దగ్గరికి జరిపించుకున్నాడు.